చెమ్మ ఎక్కడిది?

సముద్రం ఒడ్డున ఉన్న ఊరు కాబట్టి విశాఖపట్నంలో చెమ్మ గురించి ఎవరూ అంతగా బెంగపెట్టుకోరు. ఉప్పుడబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వేస్తారు, బీరువాలో కలరా ఉండలు పడేస్తారు, తోలు చెప్పులకు బూజు పడితే ఓ పూట ఎండలో పెట్టి మళ్ళీ వేసుకుంటారు. ఎంవీపీ కాలనీలో ఒక అపార్టుమెంటు, మొదటి అంతస్తు, 102లో ఉండే మాస్టారు అలా సర్దుకుపోయే మనిషి కాదు. ఇంటర్మీడియట్ పిల్లలకు ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. దేనికైనా ఒక కారణం ఉండాలి, ఆ కారణానికి ఒక అంకె ఉండాలి. అంకె లేని మాటను ఆయన అభిప్రాయం అంటారు. అభిప్రాయాలంటే ఆయనకు గిట్టదు, తనవి తప్ప.

నవంబరు ఆఖర్లో మొదలైంది. తెల్లారి అయిదుంబావుకి, బీచ్‌రోడ్డులో నడుద్దామని సెల్లార్లోకి దిగి చూస్తే కారు అద్దాలన్నీ తెల్లబడి ఉన్నాయి. బయటి నుంచి తుడిచారు. పోలేదు. తలుపు తీసి లోపల వేలితో గీస్తే గీత పడింది, గీత చివర ఓ బొట్టు తయారై కిందికి జారింది. సీట్లలోంచి తడిగుడ్డ వాసన. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పక్కన నిలబెట్టిన మిగతా కార్లకు ఈ రోగం లేదు.

ఆవిరి బయట పట్టిందా, లోపల పట్టిందా అన్నది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ సగం సమాధానం అందులోనే ఉంటుంది. మన కోస్తాలో వానాకాలం ఏసీ గట్టిగా వేసుకుని, చల్లగాలి ముందద్దం మీదికి తిప్పుకుని పోతుంటే అద్దం బయటి వైపు మసకేస్తుంది. అది బయటి గాలిలో ఉన్న తేమ చల్లటి అద్దాన్ని తగిలి నీరు కావడం. వైపరు ఒకసారి తిప్పి, ఏసీ గాలిని అద్దం మీద నుంచి మళ్ళిస్తే పోతుంది. లోపల పట్టిందంటే నీళ్ళు లోపలే ఉన్నాయని. అప్పుడు వైపరు ఎంత తిప్పినా దండగే.

మాస్టారికి ఇందులో ఇంకో మెలిక కనిపించింది. ఆయన కారు ఆరుబయట ఉండదు, సెల్లార్లో స్లాబు కింద ఉంటుంది. మంచు ఆకాశం నుంచి రాలదనీ, గాలిలో ఉన్న ఆవిరే చల్లబడ్డ వస్తువుల మీద నీరవుతుందనీ 1814లో విలియం చార్లెస్ వెల్స్ అనే వైద్యుడు తేల్చాడు. లండన్లో రాత్రుళ్ళు ఉన్ని పోగులు బయట పెట్టి, తెల్లారి వాటిని తూచి, ఎంత నీరు పట్టిందో రాసుకున్నాడు. నెత్తిన ఏదైనా అడ్డున్న ఉన్నికి తక్కువ నీరు పట్టిందని కూడా ఆయనే చూశాడు. తెరిపిన ఉన్న వస్తువు తన వేడిని ఆకాశానికి వదిలేసి చల్లబడుతుంది, కప్పు కింద ఉన్నది అంతగా చల్లబడదు. ఆ పుస్తకానికి ఆయనకు రాయల్ సొసైటీ వాళ్ళు రమ్‌ఫర్డ్ పతకం ఇచ్చారు. మాస్టారు ఈ కథ అంతా సెల్లార్లో నిలబడి అపార్టుమెంటు సెక్రటరీకి చెప్పి, "అంచేత స్లాబు కింద ఉన్న కారుకి మంచు పట్టకూడదు. పట్టిందంటే లోపల ఎక్కడో నీళ్ళున్నాయి. వెతికి పట్టుకుంటాను," అన్నారు.

"వెతకండి మాస్టారూ," అన్నాడు సెక్రటరీ. ఆయనకు ఆఫీసు టైమవుతోంది.

మొదట బటను. డ్యాష్‌బోర్డు మీద కారు బొమ్మ, దాని లోపల గిరుక్కున తిరిగిన బాణం ఉంటాయి కదా, అది నొక్కితే లోపలి గాలే లోపల తిరుగుతుంది. ఎండాకాలం తొందరగా చల్లబడటానికీ, లారీ వెనక ఇరుక్కున్నప్పుడు పొగ రాకుండానూ అది మంచిదే. వానలో, చలిలో అదే నొక్కి ఉంచితే నలుగురి ఊపిరీ తడి చెప్పుల నీరూ లోపలే ఉండి అద్దాలకు పడతాయి. చలికాలం ఏసీ ఎందుకని ఆపేసేవాళ్ళు కూడా పొరపాటే చేస్తున్నారు. ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, ఆరబెడుతుంది. లోపలి చల్లటి కాయిల్‌కి తగిలి తేమ నీరై, సన్నటి గొట్టంలోంచి కారు కిందికి కారిపోతుంది. ఎండాకాలం ఏసీ వేసిన కారు కింద నీళ్ళు పడుతున్నాయని కంగారుపడతారు చాలామంది. పడకపోతేనే కంగారుపడాలి. ఆ గొట్టం పూడుకుపోతే నీరు ముందు సీటు కింద కార్పెట్లోకి పోతుంది.

మాస్టారి బటను బయటి గాలి వైపే ఉంది. ఆయన కారులో అది ఎప్పుడూ అటే ఉంటుంది.

ఆటోనగర్ మెకానిక్కు కుర్రాడు మంచి పనివాడు. ఏసీ గొట్టంలోకి గాలి కొట్టాడు, మట్టితో కలిసి కాసిని నీళ్ళు వచ్చాయి. గ్లవ్ బాక్సు ఊడదీసి వెనకాల ఉన్న క్యాబిన్ ఫిల్టర్ బయటికి లాగాడు. నల్లగా ఉంది, తడిగా ఉంది, కొత్తది వేశాడు. బోనెట్ ఎత్తి, వైపర్ల కింద గాడిలో పేరుకున్న ఆకులు గుప్పెళ్ళతో తీశాడు. అక్కడ వాననీరు పోయే రంధ్రాలు మూసుకుపోతే అదీ లోపలికే దిగుతుంది. తలుపుల అడుగున ఉండే సన్న రంధ్రాల్లోకి తీగ పెట్టి గుచ్చాడు. తలుపు రబ్బర్లు వేలితో నొక్కుకుంటూ చుట్టూ వచ్చాడు. వెనక తలుపు అద్దం పైఅంచున రంగు దారప్పోగు ఒకటి ఇరుక్కుని ఉంటే లాగి పడేసి, "బీడింగ్ చివికినట్టుంది సార్, దారాలొస్తున్నాయి," అన్నాడు. దానికీ కొత్తది వేయించారు మాస్టారు. ఇంజను వేడినీరు హీటరు దగ్గర కారుతోందేమోనని ముందద్దం లోపలి వైపు రాసి చూశాడు. అలా కారితే అద్దానికి జిడ్డు పొర పడుతుంది, తియ్యటి వాసన వస్తుంది. అలాంటిదేమీ లేదు. ఏదో వాసన మాత్రం ఉంది. కుర్రాడు ముక్కు ఎగబీల్చి, "నీలగిరి తైలం సార్," అన్నాడు.

"అది మీదే, మోకాళ్ళకి," అన్నారు ఇంటికి వచ్చాక మాస్టారి భార్య. మాస్టారు మోకాళ్ళకు రాసుకునేది వేరే నూనె. ఆ సంగతి ఆవిడకు గుర్తు లేదు, ఆయనకు పట్టలేదు.

కార్పెట్ ఎత్తి, కింద నురుగుపొర నొక్కి చూస్తే పొడిగా ఉంది. అయినా డాబా మీద రెండు రోజులు ఆరబెట్టారు. కారు తిరిగి సెల్లార్లోకి వచ్చింది. తెల్లారేసరికి అద్దాలు తెల్లబడ్డాయి.

ఇక సలహాలు. 304లో రిటైరయిన ఆర్టీసీ డ్రైవరుగారు, వానలో వైపరు చెడిపోతే అద్దం మీద పొగాకు రుద్దేవాళ్ళమని చెప్పారు. బయట వానకు అది పనికొస్తుందేమో, లోపలి చెమ్మకు కాదు. ఇంకొకరు సబ్బు పలచగా రాసి పొడిగుడ్డతో మెరిసేదాకా తుడవమన్నారు. అది పనిచేస్తుంది, అద్దం మీద నీరు బొట్లుగా కాకుండా పొరగా పరుచుకుని దారి కనిపిస్తుంది. కాని నీరు నీరే. కారు సామాన్ల షాపువాడు మల్లెపూల వాసన వచ్చే సీసా అంటగట్టాడు. వాసన కొనుక్కోవడం, చెమ్మ పోగొట్టుకోవడం రెండూ ఒకటే అని ఆ షాపుల్లో ఎవరు చెప్పారో తెలియదు. మాస్టారి భార్య ఓ గిన్నెలో గళ్ళుప్పు పోసి వెనక సీటు కింద పెట్టారు. చెమ్మకి చెమ్మ, దిష్టికి దిష్టి అని ఆవిడ లెక్క. గాలిలో తేమ నూటికి డెబ్బై అయిదు దాటితే ఉప్పు నిజంగానే నీరు పీల్చుకుని కరగడం మొదలెడుతుంది. మన ఊళ్ళో ఆ డెబ్బై అయిదు దాటడం ఏమంత పని! గిన్నె ఒలికి ఉప్పునీరు మ్యాటు మీద పడితే ఇనుముకు ఎంత చేటో మాస్టారు ఓ అరగంట చెప్పారు. నిజానికి గిన్నె తెల్లారేసరికి ఒలికే ఉంది. కదలకుండా నిలబడ్డ కారులో గిన్నె ఎలా ఒలికిందని మాత్రం ఎవరూ అడగలేదు.

చివరికి సిలికా జెల్ తెప్పించారు. నారింజరంగు గుళికలు, నీరు పీల్చుకునే కొద్దీ పచ్చబడే రకం. అరకిలో చొప్పున రెండు గుడ్డసంచుల్లో పోసి కుట్టించారు. రాత్రి తొమ్మిదింటికి వాటిని వంటింటి తూకం మీద పెట్టి, బరువు పుస్తకంలో రాసుకుని, కారులో వెనక సీటు మీద ఉంచి వచ్చేవారు. తెల్లారి మళ్ళీ తూచేవారు. అద్దాల మీది నీటిని పొడిగుడ్డతో ఒత్తి తీసి, ఆ గుడ్డనూ తూచేవారు. వెల్స్ ఉన్నిని తూచినట్టే. అందుకే కారు కడిగే వాచ్‌మన్‌కి ఒక ఆజ్ఞ జారీ అయింది: బయట ఎంతైనా తుడుచుకో, లోపల అద్దాలు ముట్టుకున్నావో, చూసుకో. వెనక అద్దం మీద అప్పటికే సన్నటి గీతలు కనిపిస్తున్నాయి, మురికిగుడ్డ పెట్టి తుడిచి ఉంటాడని మాస్టారి అనుమానం.

పచ్చబడ్డ గుళికలను మళ్ళీ ఎండబెట్టాలి. నూట ఇరవై డిగ్రీల దగ్గర రెండు గంటలు. మాస్టారి ఇంట్లో కూతురు వచ్చినప్పుడు కేకులు చేసే ఓవెన్ ఉంది.

"మనవడికి కేకు చేసే దాంట్లో ఇసక వేయిస్తున్నారా!" అన్నారు ఆవిడ.

"ఇసక కాదు."

"తినేదా?"

"కాదు."

"అయితే ఇసకే."

మధ్యలో ఒక గెలుపు కూడా ఉంది. వరసగా మూడు రోజులు అద్దాలు తళతళలాడాయి. ఆ మూడు రోజులూ వాచ్‌మన్ సింహాచలం చుట్టాల పెళ్ళని పెళ్ళాం పిల్లలతో పాలకొండ వెళ్ళాడు. తుడిచేవాడు లేక కారు మీద దుమ్ము పేరుకుంది, నీళ్ళ మోటారు వేసేవాడు లేక పై అంతస్తులవాళ్ళు గోల పెట్టారు. ఆ గోల మధ్య మాస్టారు అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో సిలికా జెల్ మీద ఒక పెద్ద వ్యాసం పెట్టారు. పదకొండు మంది చప్పట్లు కొట్టారు. సింహాచలం తిరిగొచ్చి మోటారు వేశాడు. మర్నాటికి అద్దాలు మళ్ళీ తెల్లబడ్డాయి. వ్యాసం తీసేద్దామంటే అప్పటికి టైము దాటిపోయింది.

పైగా బ్యాటరీ ఒకటి. రెండుసార్లు కారు స్టార్టవలేదు. బ్యాటరీ షాపువాడు పరీక్ష పెట్టి, "బ్యాటరీ బాగానే ఉంది సార్, లోపల రూఫ్ లైటు రాత్రంతా వేసి వదిలేస్తున్నట్టున్నారు," అన్నాడు. చెమ్మ వల్ల వైర్లలో కరెంటు కారిపోతోందని మాస్టారు అతనికి వివరించారు. అతను వ్యాపారి, కొత్త బ్యాటరీ అమ్మాడు.

ఇక్కడ మాస్టారి గురించి ఇంకో సంగతి చెప్పాలి. ఏ విషయాన్నయినా ఆయన కారుతో సమానంగానే పట్టించుకుంటారు. సెల్లార్లో మెట్ల పక్కన వాచ్‌మన్ గది ఉంది. ఆ గది స్లాబు మీద ఉన్నది 102 వారి స్నానాలగది. వాచ్‌మన్ గది కప్పులోంచి నీళ్ళు కారుతున్నాయని వానాకాలం ముందే ఫిర్యాదు వచ్చింది. తాపీ మేస్త్రి చూసి, పైన నహానీ ట్రాప్ దగ్గర జాయింటు వదులైందనీ, టైల్సు తీసి వాటర్‌ప్రూఫింగ్ చేసి మళ్ళీ పరవాలనీ, ఇరవై రెండు వేలవుతుందనీ, వారం రోజులు ఆ స్నానాలగది వాడకూడదనీ చెప్పాడు. అది అభిప్రాయమన్నారు మాస్టారు. అసోసియేషన్‌కి రెండు పేజీల ఉత్తరం రాశారు, లెక్కలతో సహా. కప్పుకి పట్టేది లీకేజీ కాదు, గాలి ఆడని గదిలో పుట్టే చెమ్మ అని తేల్చారు. సెక్రటరీకి లెక్కలు అర్థం కాలేదు. అర్థం కానివాటిని ఒప్పుకోవడం కాదనడం కన్నా తేలిక కాబట్టి ఒప్పుకున్నాడు. ఉత్తరం ఫైల్లోకి వెళ్ళింది. మేస్త్రి తన ఊరు వెళ్ళాడు.

కారు దగ్గరికి వద్దాం. డిసెంబరు రెండో వారంలో ఒక రాత్రి, భోజనం అయ్యాక, మాస్టారు పుస్తకం ముందేసుకుని మొదటి నుంచీ లెక్క కట్టారు. కారు లోపల ఖాళీ సుమారు మూడు ఘనమీటర్లు. రాత్రి తొమ్మిదింటికి వేడి ఇరవై ఏడు డిగ్రీలు, తేమ డెబ్బై అయిదు శాతం. అంటే ఘనమీటరుకు పంతొమ్మిది గ్రాములకు కాస్త పైన ఆవిరి. తెల్లారేసరికి ఇరవై ఒకటికి దిగితే ఆ గాలి పద్దెనిమిదికి పైచిలుకు మాత్రమే మోయగలదు. తక్కినది నీరు కావాలి. మూడు ఘనమీటర్లకూ కలిపి మూడు గ్రాములు. టీ చెంచా నిండదు.

కాని గుడ్డ తూకం, సంచుల తూకం కలిపితే రోజూ వస్తున్నది నూట నలభై గ్రాములు. కాస్త అటూ ఇటూ.

కార్పెట్ పొడి. గొట్టం శుభ్రం. రబ్బర్లు కొత్తవి. చుట్టూ ఆరు కార్లు పొడి. రాత్రి తొమ్మిదికీ తెల్లవారుజాముకీ మధ్య ఎవరో తలుపు తీసి లోపల గ్లాసుడు నీళ్ళు పోసి వెళుతున్నట్టు లెక్క తేలుతోంది. గాలి ఆడని చోట ఏయే కారణాల వల్ల ఎంత ఆవిరి పుడుతుందో తను అప్పుడెప్పుడో కట్టినట్టు గుర్తొచ్చి, ఫైలు తీసి, అసోసియేషన్‌కి రాసిన ఉత్తరం నకలు చూశారు. రెండో పేజీలో స్పష్టంగా ఉంది, ఎర్ర సిరాతో కింద గీత కూడా ఉంది. 'నిద్రించు మనిషి ఊపిరి ద్వారా గంటకు సుమారు పదిహేను గ్రాముల నీటి ఆవిరి వదులును. చిన్నపిల్లలైనచో పది. పై గదిలో నలుగురు నిద్రించుచున్నారు గనుక కప్పుకు పట్టు నీరు వారిదే గాని మా స్నానాలగదిది కాదు. గదిలో పడుకొనువారి సంఖ్య తగ్గించినచో నీరు తగ్గును.'

మాస్టారు నూట నలభైని ఏడు గంటలతో భాగించారు. ఇరవై వచ్చింది. ఇరవైని పదిహేనుతో భాగిస్తే భిన్నం వచ్చింది. పదితో భాగిస్తే సరిగ్గా రెండు.

టార్చి పట్టుకుని దిగారు. రాత్రి రెండు దాటింది. సెల్లార్లో కారు లోపల రూఫ్ లైటు వెలుగుతోంది. వెనక తలుపు అద్దం వేలెడు దించి, ఆ సందులో దోమలు రాకుండా పాత చీరముక్క కుక్కి ఉంది. వెనక అద్దం నిండా ఆవిరి, ఆవిరి మీద వేలితో రాసిన అంకెలు. బయటి నుంచి చూస్తున్నారు కాబట్టి తిరగబడి కనిపించాయి. ఎంతైనా ఉపాధ్యాయుడు, తలకాయ అటుగా వంచి చదివారు. ఏడో ఎక్కం. ఏడెనిమిదులు దగ్గర యాభై నాలుగని ఉంది. ఆయనకు మొదట కోపం వచ్చింది ఆ తప్పు మీద.

లోపల పెద్దపిల్ల పుస్తకం గుండెల మీద పెట్టుకుని నిద్రపోతోంది. చిన్నది సీటు మీద ముడుచుకుని సిలికా జెల్ సంచి తలకింద పెట్టుకుంది. ఆయాసం ఉన్న పిల్ల, శ్వాస బయటికే వినిపిస్తోంది. గుండెకు రాసిన నీలగిరి తైలం వాసన సందులోంచి వస్తోంది.

"బాబూ!" అన్నాడు సింహాచలం వెనక నుంచి. చేతిలో కర్ర, నెత్తిన తువ్వాలు. పరుగెత్తుకొచ్చాడు.

మాస్టారు ఏమీ అనకముందే మొదలెట్టాడు. "తప్పయిపోనాది బాబూ. గదిలో నీళ్ళు కారతన్నాయి. పరుపు, బట్టలు, గుంట పుస్తకాలు, అన్నీ తడే. చిన్నదానికి ఊపిరాడక రాత్రుళ్ళు కూకుంటంది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే చెమ్మలో ఉంచొద్దన్నారు. సెక్రట్రీ బాబుని అడిగితే, మాస్టారు లెక్కగట్టి రాసేరు, గదిలో నలుగురు పడుకోబట్టే నీళ్ళు, ఇద్దర్ని ఇంకెక్కడన్నా పడుకోబెట్టు అన్నారు. ఇంకెక్కడ పడుకోబెడతాం బాబూ? బయట దోమలు. తాళం నాకాడుంది కదా అని..."

"ఎప్పటి నుంచి?"

"నవంబరు ఆఖర్నుంచి బాబూ. నాలుగున్నరకే లేపేస్తన్నాం. మీకు తెలీకూడదని."

మాస్టారు ఒక్క ప్రశ్నే అడిగారు. ప్రయోగం చేసిన మనిషి అడగవలసిన ప్రశ్న.

"మరి గదిలో నీళ్ళు తగ్గాయా?"

"నేదు బాబూ," అన్నాడు సింహాచలం. "మేమిద్దరమే ఉంటే కూడా అలాగే కారతంది. పెళ్ళికెళ్ళి మూడ్రోజులు ఎవురూ నేకపోతే కూడా, వచ్చేతలికి బకెట్టు నిండిపోనాది. మీరు పొద్దున్న తానం చేసినప్పుడు మరీని."

మాస్టారు టార్చి ఆర్పారు. "పొద్దున్నే తాళం పైకి తెచ్చి ఇచ్చెయ్," అని మెట్లెక్కారు.

ఆ తరవాత కారు అద్దాలకు చెమ్మ పట్టలేదు. బ్యాటరీ కూడా దిగలేదు.

డిసెంబరు మూడో ఆదివారం అసోసియేషన్ మీటింగు జరిగింది. దస్తూరీ బాగుంటుందని మినిట్స్ ఎప్పుడూ మాస్టారే రాస్తారు. ఆ రోజు పేజీలో ఉన్నది ఇంతే:

'తీర్మానం ఒకటి. ఫ్లాట్ల వారు తమ కారు తాళములు ఇకపై వాచ్‌మన్ వద్ద ఉంచరాదు. తీర్మానం రెండు. వాచ్‌మన్ గదిలో నీరు కారు విషయం, 102 వారి స్నానాలగది మరమ్మతు. దీనిపై మరింత శాస్త్రీయ పరిశీలన అవసరమైనందున వచ్చే సమావేశమునకు వాయిదా. తీర్మానం మూడు. 102 వారు తమ కారులో వాడి, ప్రస్తుతం అవసరం లేని సిలికా జెల్ సంచులు రెండు, గదిలో చెమ్మ నివారణ నిమిత్తం వాచ్‌మన్‌కు ఉచితంగా ఇచ్చుటకు ముందుకు వచ్చిరి. వారి ఔదార్యమునకు సభ కృతజ్ఞతలు తెలుపుచున్నది. మూడు తీర్మానములూ ఏకగ్రీవముగా ఆమోదించడమైనది.'